నూనెకు పరీక్ష వలదా?

మన యిండ్లలో నూనెకు గల మర్యాద మఱియే వస్తువునకును లేదు. పసిబిడ్డ ఒళ్ళు గట్టిపడుటకు నూనె. ఉగాదినాడును దీపావళినాడును ఇంటి పెద్ద ముత్తైదువ నడినెత్తిన నూనె పెట్టి దీవించినగాని పండుగ ప్రారంభము కాదు. పెండ్లికూతునకు నలుగు పెట్టునప్పుడును నూనెయే ముందు. దీపమునకు నూనె, దేవునకు నూనె, దేహమునకు నూనె. ఇట్టి వస్తువును గూర్చి "దీనివలన చర్మమునకు హాని లేదని ఎట్లు నిరూపింతువు?" అని యడుగుట కొందఱకు అపచారముగా తోపవచ్చును. అయినను మేము ఈ వారము ఆ ప్రశ్ననే యడుగదలచినాము. ఏలయన నేడు అందము పేరిట అంగడిలో అమ్ముడగుచున్న నూనె మన ముత్తవ్వల గిన్నెలోని నూనె కాదు.

గడచిన వేసవిలో ఒక ఉపాధ్యాయిని మా కార్యాలయమునకు వచ్చిరి. ఎడమచెంపనుండి మెడవఱకు ఆమె ముఖము కాలినట్లు నల్లని చారలు. మొటిమల మచ్చలు పోవునని యెవరో చెప్పగా ఆమె ఒక మూలికాతైలము కొని, రాత్రి రాసికొని, తెల్లవాఱి ముఖము సరిగా కడుగకయే ఎండలో బడికి నడచిపోయిరట. మఱునాటికి మంట, మూడవనాటికి పొక్కులు, పొక్కులణగిన పిమ్మట మచ్చలు. చర్మవైద్యులు పొక్కుల తీరును చూచి, బావంచాల నూనెవంటి దేదియో అందు కలిసియుండునని అనుమానించిరి. అనుమానమేగాని నిశ్చయము కాదు. ఏలయన సీసాపై నున్నదేమి? ఒక ఆకు బొమ్మ. "నూటికి నూఱుపాళ్ళు ప్రకృతిసిద్ధము" అను వాక్యము. "దుష్ఫలితములు లేవు" అను హామీ. లోపల నేమున్నదో తెలుపు అక్షర మొక్కటియు లేదు. రసీదును లేదు. అమ్మినవానిని పోయి యడుగగా, "ఇది చెట్టునుండి వచ్చినదమ్మా! మీ ఒంటికి పడలేదు, అంతే" అనెనట. అనగా దోషము నూనెది కాదు, ఒంటిది!

"చెట్టునుండి వచ్చినది గనుక సాధువు" అను వాదమును ముందుగా విచారింతము. నల్లజీడి గింజయు చెట్టునుండియే వచ్చినది. దాని రసముతో రజకులు తరతరములుగా బట్టలకు గుర్తులు పెట్టుచుండిరి. ఎంత ఉదికినను పోని గుర్తది. ఆ రసము తగిలిన చర్మము పొక్కునని పల్లెలలో పిల్లలకును తెలియును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున మన దేశములో నున్న అమెరికా సైనికులకు బట్టల గుర్తు తగిలిన చోటనే పుండ్లు లేచుచుండగా, వారి వైద్యులు కారణము కనిపెట్టి, ధోబీ గుర్తు పేరనే ఒక చర్మవ్యాధిని 1943లో వైద్యపత్రికలో ప్రకటించిరి. పలాసలోను వేటపాలెములోను జీడిపిక్కలు కొట్టు స్త్రీల చేతులను చూచినవారికి వేఱు సాక్ష్యముతో పనిలేదు. ఒకే పిక్కలో లోపలి పప్పు పాయసములో పడును. పైతొక్కలోని నూనె అరచేతి తోలును ఊడదీయును. అందుచేతనే వారు చేతులకు ఆముదమో బూడిదయో పూసికొని పనికి కూర్చుందురు. ప్రకృతి ఆ రెండింటికి వేర్వేఱు చీటీలు అంటించి పంపలేదు. వేఱుచేయవలసినది మానవుని విచక్షణ. ఆ విచక్షణకే పరీక్ష యని పేరు.

బావంచాల సంగతి మఱింత విచిత్రము. ఆ గింజలలో సోరాలెను అను పదార్థము గలదు. నీడలో నున్నంతవఱకు అది చర్మముపై నిద్రించుచుండును. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకగనే మేలుకొని చర్మకణములను గాయపఱచును. ఈ గుణము కారణముననే బావంచాలను మన వైద్యులు బొల్లికి వాడిరి. ఆధునిక వైద్యులును సోరాలెనును, కొలిచి యిచ్చిన కాంతిని జతపఱచి అదే వ్యాధికి చికిత్స చేయుచున్నారు. కొలతకు లోబడి వైద్యుని చేతిలో నున్నప్పుడది మందు. కొలత యెఱుగని వాని సీసాలో అదియే నిప్పు. బెర్గమాట్ అను నారింజజాతి కాయ తొక్కనుండి తీయు సుగంధతైలమునను ఇట్టి పదార్థమే యుండును. ఆ తైలము కలిసిన అత్తరులు రాసికొని యెండలో తిరిగిన స్త్రీల మెడలపై, అత్తరు జాఱిన దారివెంటనే నల్లచారలు పడుటను ఐరోపా వైద్యులు నూఱేండ్ల క్రిందటనే గుర్తించిరి. కావున నీడలో చేసిన పరీక్ష ఎండకు సాక్ష్యము కాజాలదు. కాంతి సోకినప్పుడును సోకనప్పుడును కణములపై ద్రవ్యము నడవడి నెట్లు మార్చుకొనునో పరీక్షించు అంతర్జాతీయ పద్ధతి 2004లోనే స్థిరపడినది. రోహిణికార్తె ఎండలు గల మన దేశమున ఆ పరీక్ష లేకయే ముఖతైలములు అంగడి కెక్కుట సాహసము గాక మఱేమి?

సీసాపై పేరొకటి, లోపలి వస్తువొకటి యగు ప్రమాదమును గలదు. బలురక్కసి గింజలు ఆవగింజలవలెనే కనబడును. 1998లో ఢిల్లీలో బలురక్కసి నూనె కలిసిన ఆవనూనె తిని, ఒళ్ళు వాచి, 60 మందికి పైగా మరణించిరి. అది తిన్న నూనె మాట. కాని అట్టి కల్తీనూనెను ఒంటికి మర్దించుకొన్నవారికిని ఆ వాపువ్యాధియే వచ్చినట్లు వైద్యులు నమోదుచేసి యున్నారు. చర్మమును మనము గోడ యనుకొందుము. ఆ గోడకు తలుపులు గలవు. కావున పరీక్షలలో మొదటిది చర్మముపై కాదు, సీసాలోని వస్తువుపై జరుగవలయును. ఇది యే మొక్క? అందులో ఏ భాగము? దానితో కలిసినదేమి? ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరము లేకుండ చేసిన చర్మపరీక్ష ప్రతివాది పేరు లేని దావావంటిది.

నూనెకు వయస్సును గలదు. నారింజ తొక్కలోని లిమోనీను, లావెండరులోని లినలూలు అను సుగంధద్రవ్యములు తాజాగా నున్నప్పుడు చర్మమునకు అంతగా శత్రువులు కావు. గాలి తగిలి ఆక్సీకరణము చెందగా వానినుండి పుట్టు హైడ్రోపెరాక్సైడులే అలర్జీకి ప్రబల కారణములని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు శ్రమించి స్థాపించిరి. ఆస్ట్రేలియానుండి వచ్చి నేడు మన అంగళ్ళలో మొటిమలకు మందుగా పేరొందిన టీట్రీ నూనె కథయు నిట్టిదే. నిన్న మూత తీసిన సీసాపై జరిపిన పరీక్ష, ఆఱునెలలు కిటికీ ప్రక్కన సగము ఖాళీగా నున్న సీసాకు వర్తింపదు. పాతబడి చెడువాసన పట్టిన నూనెతో గారెలు వండుటకు మన గృహిణి యెవతెయు నొప్పుకొనదు. ఆ వాసనను అత్తరుతో కప్పి, అందమైన సీసాలో పోసి యిచ్చినచో మాత్రము వెలయిచ్చి కొని ముఖమునకు రాచుకొనుచున్నాము!

"వేయేండ్లుగా వాడుచున్నాము, ఎవరికేమైనది?" అని రెండవ వాదము. న్యాయస్థానములలో కాలము గడుపువారము గనుక సాక్ష్యమును తూచి చూచుట మాకు అలవాటు. ఆచారమును మేము త్రోసిపుచ్చము. అది గౌరవింపదగిన సాక్షి. కాని యే సాక్షియైనను తాను చూచినదానికే సాక్షి. మన ఆచారము చూచినదేమి? గానుగలో ఆడించి కొలదికాలములోనే వాడి ముగించిన నువ్వులనూనెను చూచినది. ఆ నూనెను ఒంటికి పట్టించి, కొంతసేపు నానిన పిమ్మట సున్నిపిండితో నలిచి, శీకాయతో రుద్ది, వేడినీళ్ళతో కడిగివేయుటను చూచినది. నేటి ముఖతైలము అట్టిది కాదు. పది మూలికల సారమును, గాఢమైన సుగంధతైలములును కలిపి, నెలల తరబడి నిలువయుంచి, రాత్రియంతయు ముఖముపై నుంచుకొనవలసిన వస్తువది. ఆచారము దీనిని చూడనేలేదు.

ఈ భేదము స్వల్పమైనది కాదు. అలర్జీ కలిగించు సుగంధద్రవ్యము కడిగివేయు వస్తువులో 0.01 శాతము మించినచో దాని పేరు చీటీపై చెప్పవలయునని ఐరోపా శాసనము. ఒంటిపై నిలుచు వస్తువులో 0.001 శాతము మించినంతనే చెప్పవలయును. కడుగుటకును కడుగకుండుటకును పదిరెట్ల తారతమ్యమును శాసనమే అంగీకరించినది. కనుక తలంటి పోసికొనుట మన పెద్దల స్నానవిధి మాత్రమే కాదు, చర్మమునకు రక్షణనియమము కూడను. పూయుట యను సగమును గ్రహించి, కడుగుట యను సగమును విడిచిపెట్టి, పెద్దల పేరు చెప్పుకొని అమ్ముట ఆచారము కాదు, కూటసాక్ష్యము.

ఇంతకును చర్మపరీక్ష యన నేమి? చర్మమునకు కలుగు హాని ముఖ్యముగా రెండు విధములు. మొదటిది మంట. ద్రవ్యము ఘాటైనది, తగినంత తగిలినచో ఎవరికైనను మండును. రెండవది అలర్జీ. తొలిసారి తగిలినప్పుడు బయటికేమియు కనబడదు. శరీరము లోలోపల ఆ ద్రవ్యమును శత్రువుగా గుర్తు పెట్టుకొనును. అందులకు రెండు వారములవఱకు పట్టవచ్చును. పిమ్మట మఱల తగిలిన ఒకటి మూడు దినములలో దద్దును, దురదయు, పొక్కును లేచును. ఇట్లు ఒకసారి పగబట్టిన చర్మము సాధారణముగా జీవితాంతము మఱువదు. కావున "నిన్న రాచుకొంటిని, నాకేమియు కాలేదు" అను మాట మొదటిదానికి మాత్రమే సమాధానము.

1895లో యోసెఫ్ యాడసాన్ అను జర్మను వైద్యుడు ఇందుకొక సులభోపాయము చూపెను. అనుమానించిన ద్రవ్యమును కొంచెము చర్మముపై నుంచి మూసివేయుట, పిదప విప్పి చూచుట. నేడు చర్మవైద్యులు వీపుపై దానిని రెండు దినములుంచి, విప్పిననాడును, మఱి రెండు దినములకును చూచి నిర్ణయింతురు. ఇది రోగము వచ్చినవారికి కారణము వెదకు పద్ధతి. క్రొత్తవస్తువును అంగడికి పంపకముందు, అంగీకరించి ముందుకు వచ్చిన ఆరోగ్యవంతులపై వేఱొక పద్ధతి గలదు. మూడు వారములలో తొమ్మిది మారులు ఒకేచోట అంటించి, సుమారు రెండు వారములు విశ్రాంతి యిచ్చి, మఱల ఒక క్రొత్తచోట అంటించి చూతురు. ఆ విశ్రాంతి యూరక పెట్టినది కాదు. లోపలి పగ ముదురుటకు ఇచ్చిన గడువది. మన జాతీయ ప్రమాణసంస్థయు సౌందర్యసాధనముల భద్రతాపరీక్షలకై ఐ.ఎస్. 4011 అను ప్రమాణము నేర్పఱచియున్నది.

నోరులేని జీవుల మాట ఇక్కడ చెప్పక తప్పదు. 1944లో అమెరికా ప్రభుత్వశాఖలో పనిచేయు జాన్ డ్రెయిజ్ అను శాస్త్రజ్ఞుడు కుందేళ్ళ కన్నులలోను చర్మముపైనను ద్రవ్యములు వేసి హానిని లెక్కించు పద్ధతిని ప్రకటించెను. అర్ధశతాబ్దికి పైగా మన అలంకారమునకు కుందేళ్ళు వెల చెల్లించినవి. ఐరోపా సమాఖ్య 2013 నాటికి దీనిని పూర్తిగా మాన్పించెను; 2014లో మన దేశమును సౌందర్యసాధనములకై జంతువులను హింసించుటను నిషేధించెను. అహింసను ధర్మముగా నెంచు దేశమునకు తగిన పని. కాని శాసనము నిషేధించినది క్రూరపద్ధతిని మాత్రమే, పరీక్షను కాదు. "జంతువులపై పరీక్షింపలేదు" అను మాటను కొందఱు వర్తకులు "దేనిపైనను పరీక్షింపనక్కఱలేదు" అని చదువుకొనుచున్నారు.

నేడు వేఱు దారులు గలవు. మనుష్యకణములను ప్రయోగశాలలో పెంచి, చర్మపుపొరవలె చేసి, దానిపై ద్రవ్యము నుంచి, కణములలో సగమో అంతకు హెచ్చుగనో చచ్చినచో దానిని మంట పుట్టించు ద్రవ్యముగా నిర్ణయింతురు. మఱియొక పరీక్షలో ఆ ద్రవ్యము ప్రొటీను తునకలకు అంటుకొనునేమో చూతురు. అట్లు అంటుకొనుటయే అలర్జీకి తొలిమెట్టు. ఇట్టి పరీక్షల ఫలితములను జోడించి తీర్పు చెప్పు విధానము 2021లో అంతర్జాతీయముగా అంగీకరింపబడినది. ఇవియు సర్వజ్ఞములు కావు. వీనిలో ననేకము నీటితో కలియు ఏకద్రవ్యములకు అనుకూలములు. నూనె నీటితో కలియదు, పైగా ఒక్కొక్క సుగంధతైలమున పదులకొలది ద్రవ్యములుండును. కావున వస్తునిర్ణయము, కణపరీక్ష, కాంతిపరీక్ష, తుదకు అంగీకరించిన మనుష్యులపై జాగరూకతతో చేయు పరీక్ష, ఇవి ఒకదాని వెంట నొకటి నడువవలయును. ఒక్క సాక్షి మాటపై శిక్ష వేయనట్లే, ఒక్క పరీక్షపై విడుదల చేయరాదు.

"చర్మవైద్యులచే పరీక్షింపబడినది" అని సీసాలపై ముద్రించుట నేడు పరిపాటి. మేమైనచో ఆ సాక్షిని ఈ ప్రశ్నలడుగుదుము: ఎందఱిపై? ఎన్ని దినములు? తాజా నూనెతోనా, నిలువ నూనెతోనా? ఎండలోనా, నీడలోనా? ఫలితమేమి? పరీక్షించితిమనుట వేఱు, ఉత్తీర్ణమైనదనుట వేఱు. సంఖ్యనే తీసికొందము. నూర్గురిపై పరీక్షింపగా ఒక్కరికిని ఏమియు కాలేదనుకొందము. గణితశాస్త్రము చెప్పునదేమనగా, వాడువారిలో నూటికి ముగ్గురివఱకు బాధ కలుగవచ్చునను శంక ఇంకను తొలగలేదు. లక్షమంది వాడినచో మూడువేలమంది! పరీక్ష వ్యర్థమని దీని యర్థము కాదు. అది యిచ్చునది హద్దుగల సాక్ష్యము. ఆ హద్దును కొనువానికి దాచరాదు.

పరీక్ష యనగా నూనెలపై అపవాదు వేయుటయే యని తలంపరాదు. పరీక్ష గుణమునుగూడ వెల్లడించును. బంగ్లాదేశములో నెలలు నిండక పుట్టిన శిశువుల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె మృదువుగా రాచి చూడగా, ఆస్పత్రిలో సోకు అంటురోగములు 41 శాతము తగ్గినట్లు 2005లో ప్రకటింపబడినది. వెలతక్కువ నూనె ప్రాణరక్షకమని తేల్చినది నమ్మకము కాదు, పరీక్ష. అదే పరిశోధకులు 2002లో ఎలుకల చర్మముపై చూడగా, ఆవనూనె చర్మపు రక్షణపొర కోలుకొనుటను ఆలస్యపఱచినది. 2013లో ఇంగ్లాండులో పెద్దలపై జరిపిన పరీక్షలో, సున్నితమని పేరొందిన ఆలివు నూనెయు ఆ పొరను బలహీనపఱచినది. ఇంగ్లాండునుండియే 2003లో వెలువడిన మఱియొక పరిశోధనలో, దద్దుతో నున్న పసివాండ్ర చర్మమునకు వేరుశనగనూనె గల లేపనములు పూయుటకును, తరువాత వారికి వేరుశనగపప్పు పడకపోవుటకును సంబంధము కనబడినది. నూనెను పూర్తిగా శుద్ధిచేసి ప్రొటీనును తొలగించినచో ఈ భయము తగ్గును. అందుచేత 2017లో ఐరోపా సమాఖ్య వేరుశనగనూనెను నిషేధింపలేదు. అందులో ప్రొటీను పదిలక్షల పాళ్ళలో అరపాలు మించరాదని హద్దు పెట్టినది. వేరుశనగయే జీవనాధారమైన అనంతపురము రైతు దీనినుండి గ్రహింపవలసినది భయము కాదు, మార్గము. పరీక్షకు నిలిచిన నూనెకు అంగడి మూయబడదు.

ఇక మన చట్టము మాట. 1940లో ఔషధముల చట్టము వచ్చినప్పుడు అందు సౌందర్యసాధనముల ప్రసక్తి లేదు. 1962 నాటి సవరణతో అవి చేరినవి. 2020లో వానికి ప్రత్యేక నియమావళి ఏర్పడినది. తయారునకు లైసెన్సు కావలెను. సీసాపై కలిసిన వస్తువుల జాబితా యుండవలెను. బాగుగనే యున్నది. కాని 60 మిల్లీలీటర్లకు లోబడిన ద్రవముల సీసాలకు ఆ జాబితా అక్కఱలేదని మినహాయింపు గలదు. ముఖతైలములును సుగంధతైలములును ఏ సీసాలలో అమ్ముడగుచున్నవి? 10, 15, 30 మిల్లీలీటర్ల సీసాలలోనే. నూనె గాఢమైన కొలది సీసా చిన్నది. సీసా చిన్నదైన కొలది చట్టము మౌనము. ఆ ఉపాధ్యాయిని చేతిలోని సీసా 30 మిల్లీలీటర్లది!

అంతేకాదు. అదే తైలము ఆయుర్వేదౌషధముగా వచ్చినచో చట్టములో వేఱొక అధ్యాయము, వేఱొక లైసెన్సు. వంటనూనెగా వచ్చినచో వేఱొక చట్టమే. చిన్నసీసాలలో అమ్మినంతమాత్రమున స్వచ్ఛమైన కొబ్బరినూనె తలనూనె కాదనియు, తలనూనెగా పేర్కొని అమ్మనిచో అది వంటనూనెయే యనియు 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అది పన్నుకు సంబంధించిన వివాదము. ఆ మేరకు తీర్పుపై మాకు ఆక్షేపణ లేదు. కాని చర్మము చీటీలను చదువదు. వంటకని కొన్నను, తలకని కొన్నను, మందని కొన్నను, ఒంటికి రాచినంతనే అది చర్మమునకు తగిలినదే. పన్నుల పట్టికలో పేరు మార్చుకొన్న మాత్రమున చర్మభద్రతా ప్రశ్న మాయము కారాదు.

అదే చట్టములోని 26వ సెక్షనును మన ప్రజలలో నెందఱెఱుగుదురు? తాను కొన్న మందునైనను సౌందర్యసాధనమునైనను నిర్ణీతరుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకునికి పంపి, ఆయన సంతకముతో నివేదిక పొందు హక్కు ప్రతి పౌరునకును, గుర్తింపు పొందిన వినియోగదారుల సంఘమునకును ఆ సెక్షను ఇచ్చుచున్నది. ఈ హక్కు పుస్తకములలో నిద్రించుచున్నది. ఉపాధ్యాయినికి మేము దీనిని చెప్పితిమి. కాని రసీదు లేదు. సీసా మూత తీసి నెల గడచినది. దానిలో ఏమి కలిసినదో, ఎప్పుడు కలిసినదో వాదించుటకు అమ్మినవానికి అవకాశము దొరకును. న్యాయము ఆమె పక్షమున నున్నను, సాక్ష్యము ఆమె చేతిలో లేదు.

చిన్న ఉత్పత్తిదారుల పక్షమున ఒక న్యాయమైన ఆక్షేపణ గలదు. "ఇన్ని పరీక్షల ఖర్చు పెద్ద కంపెనీలు భరింపగలవు, గానుగవాడును, డ్వాక్రా సంఘపు స్త్రీలును భరింపగలరా? పరీక్ష పేరిట మా నోటికూడు తీయుదురా?" ఈ మొఱ మాకు వినబడకపోలేదు. పరీక్షను ధనవంతుల కోటగా మార్చుట మా యభిమతము కాదు. అందుచేతనే దానిని ప్రభుత్వబాధ్యతగా చేయుమనుచున్నాము. హైదరాబాదులో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ గలదు. అనంతపురములో నూనెల సాంకేతిక పరిశోధనకే ఒక సంస్థ గలదు. చిన్న ఉత్పత్తిదారుల వస్తువులను నామమాత్రపు రుసుముపై పరీక్షించు బాధ్యతను ఇట్టి సంస్థల కప్పగించి, ఖర్చు ప్రభుత్వమే భరింపవలయును. నూనె పులిసినదో లేదో, గాలికి చెడినదో లేదో తెలుపు ఆమ్లసంఖ్యను, పెరాక్సైడుసంఖ్యను కనుగొనుట డిగ్రీకళాశాల రసాయనశాలలో విద్యార్థులు చేయగల పని. మండలములోని సంఘమును సమీపపు కళాశాలతో జతపఱచినచో సంఘమునకు పరీక్ష, విద్యార్థికి విద్య, కొనువానికి ధైర్యము, మూడును సిద్ధించును.

మా కోర్కెలు నాలుగు. మొదటిది, చిన్నసీసాల మినహాయింపును తొలగింపవలయును; చీటీపై చోటు చాలనిచో మడతకాగితమైనను జతపఱుపవలయును. రెండవది, మొక్క పేరు, తీసిన భాగము, నూనె తీసిన తేది, మూత తీసిన పిమ్మట ఎన్ని నెలలు వాడదగునో తెలుగున ముద్రింపవలయును. మూడవది, "పరీక్షింపబడినది" అని వ్రాసినవారు ఎందఱిపై, ఏ పద్ధతిని, ఏ ఫలితముతో నను వివరము అడిగినవారికెల్ల ఇయ్యవలయును. నాలుగవది, ప్రభుత్వాస్పత్రుల చర్మవిభాగములు ఇట్టి కేసులను వ్రాసియుంచి యేటేట ప్రకటింపవలయును. వ్రాసియుంచనిచోట "ఎవరికేమైనది?" అను ప్రశ్నకు అమ్మువాడే యుత్తరము చెప్పుచుండును.

ప్రభుత్వము మేలుకొనులోపల పాఠకులు చేయదగినది కొంత గలదు. రసీదు లేక కొనకుడు. సీసాను, చీటీని పాఱవేయకుడు. క్రొత్త తైలమును ముఖమునకు రాచుకొనకముందు మోచేతి మడతలో దినమునకు రెండు మారులు చొప్పున ఒకటి రెండు వారములు రాచి చూడుడు. దురదయో దద్దో కనబడినచో వెంటనే మానుడు. ఈ పరీక్ష ఎండవలన కలుగు హానిని తెలుపదు. కావున ముఖతైలము రాచుకొని ఎండలోనికి పోకుడు. గాఢమైన సుగంధతైలములను నేరుగా ఒంటికి పూయకుడు. పసివాండ్రకును, పుండ్లు దద్దులు గలవారికిని వైద్యునడుగక ఏ క్రొత్త తైలమును వాడకుడు.

మన నూనెలు మన దేశపు సొత్తు. వానికి విదేశములలోను గిరాకి పెరుగుచున్నది. దేశాభిమానమును సీసాపై చీటీగా అంటించి, పరీక్ష కోరినవారిని దేశాచారమునకు శత్రువులుగా చూపు వర్తకులు బయలుదేరినారు. మేమడుగుచున్నాము: స్వదేశి యన్నంతనే స్వచ్ఛమగునా? ఆ కాలిన చెంపయు స్వదేశిదే గదా! సంతలో ఎద్దును కొను రైతు దాని పండ్లు చూచును, కాడికి కట్టి నడిపించి చూచును. ఎద్దు తన యూరిదే యైనను చూడక మానడు. మంచి ఎద్దును తెచ్చిన ఆసామి అందులకు కోపింపడు. మంచి నూనె నమ్మువాడును పరీక్షను చూచి కోపింపడు. కోపించువాని సీసాను ఎత్తి, వెలుతురునకు పట్టి, మఱొకసారి చూడవలసియున్నది.

ఆ ఉపాధ్యాయిని ముఖమున మచ్చలు క్రమముగా మాయుచున్నవి. ఆమె ఇప్పుడు తన బడిలోని బాలికలకు సీసాపై చీటీ చదువుట నేర్పుచున్నారట. చదువుటకు చీటీపై ఏదియైన నుండునట్లు చేయుట మాత్రము శాసనకర్తల పని. ఆ పని యెప్పుడు జరుగును?